అడ్రస్ లేనివాళ్లకు వైద్యం: చట్టం ఇచ్చిన హక్కు ఎక్కడ ఆగిపోతోంది?

హైదరాబాద్‌లో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "ఎర్రగడ్డకు తీసుకెళ్లండి" అంటారు. విశాఖ చినవాల్తేరులో ఉన్న ఆస్పత్రిని జనం ఇప్పటికీ "పిచ్చాసుపత్రి" అనే పిలుస్తారు. రెండూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలే. చేతిలో పైసా లేని మనిషికి మానసిక వైద్యం దొరికే చోట్లు మన రెండు రాష్ట్రాల్లో చాలా తక్కువ. ఆ కొద్ది చోట్ల పేర్లే తిట్లుగా, జోకులుగా మారాయి. అక్కడ వైద్యం పొందేవాళ్లను సమాజం ఏ కంటితో చూస్తుందో ఈ మాటలే చెబుతాయి.

ఈ వ్యాసం ఏళ్ల తరబడి రోడ్డు మీదే బతుకుతూ, మానసిక జబ్బుతో బాధపడుతున్నవాళ్ల గురించి. వాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చేయాలని చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా బస్టాండుల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మెట్ల మీద వాళ్లు అలాగే ఉన్నారు. ఎందుకు? పరిశోధక విద్యార్థులుగా మేము చట్టాన్ని, కోర్టు ఆదేశాలను, పథకాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు అర్థమైంది ఇది: ఈ సేవల్లో ప్రతి మెట్టు దగ్గరా మనిషిని రెండే అడుగుతున్నారు. నీ కుటుంబం ఏది? నీ అడ్రస్ ఏది? ఆ రెండూ లేకపోవడం వల్లే కదా ఆ మనిషి రోడ్డు మీద ఉన్నది!

ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు సుమారు 17.7 లక్షల మంది. అందరూ ఒకే తరహా కాదు. పని కోసం వచ్చి కొన్ని నెలలు ఫుట్‌పాత్ మీద పడుకుని తిరిగి ఊరెళ్లేవాళ్లు ఉన్నారు. కుటుంబంతో సహా టార్పాలిన్ కింద బతికేవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామందికి ఏ మానసిక జబ్బూ లేదు. మేము మాట్లాడుతున్నది మూడో రకం వాళ్ల గురించి. ఊరితో, కుటుంబంతో తెగిపోయి, ఒంటరిగా ఏళ్ల తరబడి వీధిలో ఉన్నవాళ్లు. స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన జబ్బులు వీళ్లలో మిగతా జనంలో కంటే ఎక్కువ.

జబ్బు వల్ల రోడ్డు మీదికి వచ్చారా, రోడ్డు మీద ఉండటం వల్ల జబ్బు వచ్చిందా అని అడిగితే రెండూ నిజమే. జబ్బుతో పని పోతుంది, ఇల్లు పోతుంది. నిద్ర లేకపోవడం, ఆకలి, దెబ్బలు, ఆడవాళ్లకైతే లైంగిక హింస, ఇవన్నీ జబ్బును ముదరబెడతాయి.

వీళ్లు లెక్కలకు అందరు. దేశంలో మానసిక ఆరోగ్యంపై 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో పెద్ద సర్వే జరిగింది. దేశంలోని పెద్దవాళ్లలో సుమారు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో అత్యధికులకు వైద్యం అందడం లేదని అది తేల్చింది. కానీ అది ఇంటింటికీ వెళ్లి చేసిన సర్వే. ఇల్లే లేనివాళ్లు ఆ జాబితాలోకి ఎలా వస్తారు?

కులం ఇందులో ఎక్కడుంది?

మానసిక జబ్బు ఏ కులానికైనా వస్తుంది. కానీ జబ్బు వచ్చినవాళ్లంతా రోడ్డు మీదికి రారు. భూమి ఉన్న ఇంట్లో, జీతాలు వచ్చే ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ప్రైవేటు డాక్టరుకు చూపిస్తారు. ఒక గది ఇస్తారు, కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి ఉంటారు. వాడలో రెండు గదుల ఇల్లు, రోజు కూలి మీద నడిచే సంసారం అయితే లెక్క వేరు. జబ్బు పడిన మనిషి కూలి పోతుంది. చూసుకోవడానికి ఇంట్లో మరొకరు ఆగిపోతే ఆ కూలీ పోతుంది. జిల్లా కేంద్రంలోని ఆస్పత్రికి వెళ్లి నెలకు సరిపడా మందులు తెచ్చుకోవాలంటే ఇద్దరి కూలి, బస్సు చార్జీలు కావాలి. రెండు మూడు నెలలకు మందులు ఆగుతాయి. జబ్బు తిరగబెడుతుంది. ఒక రోజు మనిషి ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. వెతకడానికి వెళ్లాలన్నా కూలి మానుకోవాలి.

దీన్ని "కుటుంబం వదిలేసింది" అని రాసేస్తే కథ సగమే చెప్పినట్టు. ఆ కుటుంబానికి భూమి లేకుండా, పొదుపు లేకుండా, ఊళ్లో ఆస్పత్రి లేకుండా చేసిన వ్యవస్థ మిగతా సగం. కులాంతర వివాహం చేసుకుని ఊరికి దూరమైనవాళ్లకు, సాంఘిక బహిష్కరణలో బతుకుతెరువు పోయినవాళ్లకు కష్టకాలంలో వెనక్కి వెళ్లడానికి చోటే ఉండదు.

2016లో రోహిత్ వేముల మరణం తర్వాత మన క్యాంపస్‌లలో కులం, మానసిక ఆరోగ్యం కలిపి మాట్లాడటం పెరిగింది. అది అవసరమైన చర్చ. ఆ చర్చ యూనివర్సిటీ గేటు దాటి, గేటు బయట పడుకున్న మనిషి దగ్గరికి కూడా చేరాలి.

చట్టం ఏం చెబుతోంది?

బ్రిటిష్ వాళ్ల 1912 లూనసీ చట్టం "తిరుగుతున్న పిచ్చివాళ్ల"ను పట్టుకుని బంధించడం గురించి మాట్లాడింది. 1987 చట్టం భాష మార్చింది, పద్ధతి పెద్దగా మారలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో కాలి చనిపోయారు. ప్రభుత్వ వైద్యం అందని చోట పేదవాళ్లకు ఏం మిగులుతుందో ఏర్వాడి దేశానికి చూపించింది.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇందులో నిరాశ్రయులకు సంబంధించిన అంశాలు కార్యకర్తలందరికీ కంఠతా రావాలి.

సెక్షన్ 3: ఒకరికి మానసిక జబ్బు ఉందని వాళ్ల ఆర్థిక, సామాజిక స్థితిని చూసి నిర్ణయించకూడదు. మురికి బట్టలు, జడలు కట్టిన జుట్టు జబ్బుకు రుజువు కాదు.

సెక్షన్ 18: ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. కులం, లింగం, మతం, వర్గం పేరుతో వివక్ష చూపకూడదని అందులోనే ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, దిక్కులేనివాళ్లకు, ఇల్లు లేనివాళ్లకు వైద్యం పూర్తిగా ఉచితం.

సెక్షన్ 19: సమాజంలో కలిసి బతికే హక్కు. కుటుంబం లేదని, కుటుంబం ఒప్పుకోలేదని, ఇల్లు లేదని, బయట వసతులు లేవని ఏ మనిషినీ ఆస్పత్రిలో అలాగే ఉంచేయకూడదు. అలాంటివాళ్ల కోసం ప్రభుత్వం గ్రూప్ హోమ్‌లు, హాఫ్‌వే హోమ్‌లు పెట్టాలి.

సెక్షన్ 100: రోడ్డు మీద తిరుగుతున్న మనిషికి మానసిక జబ్బు ఉందని, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నారని నమ్మడానికి కారణం ఉంటే, ఆ స్టేషన్ ఎస్‌హెచ్‌ఓ వాళ్లను రక్షణలోకి తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లాకప్‌లో గానీ, జైల్లో గానీ పెట్టకూడదు. మిస్సింగ్ కేసు కింద ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. ఆస్పత్రిలో చేర్చాల్సినంత జబ్బు లేదని డాక్టర్ చెబితే, నిరాశ్రయుల కోసం ప్రభుత్వం నడిపే వసతికి చేర్చాలి.

సెక్షన్ 20, 95: బలవంతంగా గుండు గీయకూడదు. గొలుసులతో కట్టకూడదు. ఉచిత న్యాయ సహాయం సెక్షన్ 27 కింద హక్కు.

కాగితం మీద ఇది మంచి చట్టం. ఇప్పుడు అది నడిచే దారిలో ఒక్కో మెట్టూ చూద్దాం.

మొదటి మెట్టు: పోలీస్ స్టేషన్

ఒక మహిళను ఊహించుకోండి. నాలుగేళ్లుగా ఒక బస్టాండు బయట ఉంటోంది. తనలో తాను మాట్లాడుకుంటుంది. కాలికి పుండు పడింది. టిఫిన్ బండి ఆయన రోజూ రెండు ఇడ్లీలు పెడతాడు. చట్ట ప్రకారం ఆమె బాధ్యత ఆ ఏరియా ఎస్‌హెచ్‌ఓది. కానీ ఆమె ఎవరి మీదా రాయి వేయలేదు కాబట్టి ఆమె ఎవరికీ "సమస్య" కాదు. ఫిర్యాదు వచ్చినప్పుడే, లేదా నగరం అందంగా కనిపించాల్సి వచ్చినప్పుడే ఆమె కనిపిస్తుంది.

2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు నగరంలో భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, రోడ్ల మీద ఉన్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. ఒకే మనిషిని భిక్షాటన చట్టం నేరస్తురాలిగా చూస్తుంది, మానసిక ఆరోగ్య చట్టం హక్కుదారుగా చూస్తుంది. పోలీసుల చేతికి ఏ చట్టం సులువుగా వస్తుందో చెప్పనక్కర్లేదు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, భిక్షాటనను నేరం చేసే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని ఢిల్లీ వరకు కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నాటి 1977 చట్టం విషయంలో మన ఉద్యమాలు కూడా అదే ప్రశ్న వేయాలి.

రెండో మెట్టు: ఆస్పత్రి

పోలీసులు ఆమెను తీసుకెళ్లారనుకుందాం. చట్టం "దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి" అంది గానీ ఎర్రగడ్డ అనలేదు, చినవాల్తేరు అనలేదు. ఏరియా ఆస్పత్రి అయినా ముందుగా చూడాల్సిందే. కానీ అక్కడ మొదటి ప్రశ్న "అటెండెంట్ ఎవరు?" రెండో ప్రశ్న "ఆధార్ ఉందా?"

అటెండెంట్ లేరన్న సమస్యకు చట్టంలోనే జవాబు ఉంది. సెక్షన్ 14 ప్రకారం, తన తరఫున నిలబడే బంధువు గానీ, సంరక్షకులు గానీ ఎవరూ లేని మనిషికి సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్ లేదా ఆయన నియమించినవాళ్లు ప్రతినిధిగా ఉండేలా మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ఆదేశించాలి. అప్పటివరకు ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి తాత్కాలికంగా ఆ పని చేయవచ్చు. అంటే "వెనక ఎవరూ లేరు" అనే మాట చేర్చుకోకపోవడానికి కారణం కాదు. ఆ మాట విన్నప్పుడు ఆస్పత్రి చేయాల్సింది సమీక్ష బోర్డును కదిలించడం.

జిల్లా స్థాయిలో సేవలు అసలు లేవని కూడా అనలేం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయ్యాయి. కాగితాల మీద ఇది దేశంలో దాదాపు అన్ని జిల్లాలకూ విస్తరించింది. 2022 అక్టోబరు 10న టెలి-మానస్ పేరుతో 14416 నంబరు వచ్చింది. ఇవన్నీ పనికొచ్చేవే. కానీ ఒకటి రోగి ఓపీకి నడిచి వస్తాడని అనుకుంటుంది, ఇంకొకటి చేతిలో ఫోన్ ఉంటుందని అనుకుంటుంది. రోడ్డు మీద ఉన్న మనిషి దగ్గరికి తానే నడిచి వెళ్లే బృందం లేకపోతే ఈ సేవలు ఆమెకు లేనట్టే.

మూడో మెట్టు: షెల్టర్

నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక శాశ్వత షెల్టర్ ఉండాలి. 2010 నుంచి సుప్రీంకోర్టు ఆదేశాల్లో, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది. 2011 జనాభా ప్రకారం చూసినా ఒక్క గ్రేటర్ హైదరాబాద్‌కు 67 షెల్టర్లు కావాలి. మీ పట్టణ జనాభాను లక్షతో భాగించి, ఉన్న షెల్టర్లను లెక్కపెట్టండి.

ఉన్న షెల్టర్‌లో ఒక కేర్‌టేకర్ ఉంటారు. జబ్బు గురించి శిక్షణ లేదు. రోజూ మాత్రలు వేయించే బాధ్యత ఎవరిదో రాసి ఉండదు. రాత్రి ఒకరు అరిస్తే మిగతావాళ్లు భయపడతారు, పొద్దున ఆ మనిషిని బయటికి పంపేస్తారు. మున్సిపల్ శాఖ షెల్టర్ నడుపుతుంది, ఆరోగ్య శాఖ మందులు ఇస్తుంది. ఈ రెండు శాఖలు కలవాల్సిన చోట ఎవరూ ఉండరు.

నాలుగో మెట్టు: ఇల్లు

వైద్యంతో చాలామంది కోలుకుంటారు. పేరు, ఊరు చెబుతారు. తర్వాత ఎక్కడికి? 2019లో 24 రాష్ట్రాల్లోని 43 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలపై జరిగిన అధ్యయనంలో, అక్కడ ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ కాలంగా లోపలే ఉన్నారని తేలింది. జబ్బు నయమై ఇంటికి వెళ్లగలిగినా ఆస్పత్రుల్లోనే ఉండిపోయినవాళ్ల విషయంలో 2017లోనే సుప్రీంకోర్టు పునరావాసానికి ఏర్పాట్లు చేయాలని ఆదేశించింది. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల పరిస్థితి అమానవీయంగా ఉందని చెప్పింది. నయమైనవాళ్లను కూడా ఉంచేయడం ఆ అమానవీయతలో ఒక భాగమని అదే కమిషన్ ఎత్తిచూపింది.

కుటుంబానికి అప్పగించడమే పునరావాసం అనుకుంటే, మనిషిని బయటికి నెట్టిన పేదరికంలోకే తిరిగి పంపుతున్నట్టు. మందులు ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. పింఛను రావాలి. వికలాంగుల పింఛను తెలంగాణలో 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు. కానీ అది రావాలంటే సదరం సర్టిఫికెట్, దానికి ఆధార్, ఆధార్‌కు అడ్రస్. మళ్లీ మొదటికే.

ఎస్సీ కుల ధ్రువీకరణ పత్రానిదీ ఇదే తీరు. ఎమ్మార్వో ఆఫీసులో ఊరు, తండ్రి పేరు, పాత రికార్డు కావాలి. ఊరు మరిచిపోయిన దళితురాలు కాగితాల మీద దళితురాలు కాదు. కులం వల్ల వచ్చిన కష్టం ఆమెతోనే ఉంటుంది, కులం వల్ల దక్కాల్సిన రక్షణ మాత్రం ఆమెకు అందదు.

వేరే దారులు ఉన్నాయి

ఇది పరిష్కారం లేని సమస్య కాదు. కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప సంస్థ 2007 నుంచి రోడ్డు మీదే వైద్యం చేస్తోంది. టీ కొట్టువాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు సంరక్షకులుగా మారి అన్నం పెడతారు, మాత్రలు వేయిస్తారు. మన బస్టాండు దగ్గరి టిఫిన్ బండి ఆయన చేస్తున్నది కూడా ఇందులో సగం పనే. మిగతా సగం ప్రభుత్వం చేయాలి.

తమిళనాడు ప్రభుత్వం 2018 నుంచి జిల్లాల్లో అత్యవసర సంరక్షణ, పునరుద్ధరణ కేంద్రాలను స్వచ్ఛంద సంస్థలతో కలిసి నడుపుతోంది. ఇవి నిరాశ్రయులైన మానసిక రోగుల కోసమే. మనిషిని వందల కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఆస్పత్రికి పంపాల్సిన పని లేదు. చెన్నైలో 1993లో మొదలైన బనియన్ సంస్థ, ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో మిగిలిపోయిన మహిళలను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో ఉంచుతోంది. వాళ్లే వండుకుంటారు, బజారుకు వెళతారు, పనులు చేస్తారు. సహాయానికి సిబ్బంది ఉంటారు.

కెనడాలో 2009 నుంచి అయిదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మానసిక రోగులైన నిరాశ్రయులతో పెద్ద ప్రయోగం చేశారు. "ముందు మందులు వేసుకో, మంచిగా ఉండు, తర్వాత ఇల్లు" అనే షరతు తీసేసి, ముందే ఇల్లు ఇచ్చి వైద్యం తర్వాత అందించారు. ఇల్లు ముందు దొరికినవాళ్లు మామూలు సేవలు పొందినవాళ్ల కంటే చాలా ఎక్కువ కాలం ఇళ్లలో నిలబడ్డారు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. ఇది ఆరోగ్య శాఖ, మున్సిపల్ శాఖల చట్టబద్ధ బాధ్యత. కాబట్టి వాటి బడ్జెట్‌లోనే ఉండాలి. 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం, 2017 తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఉన్న నిధులను దీనికి చూపించి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. సాధారణ పద్దుల్లోకి ఆ నిధులను మళ్లించడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ నిధి అదనపు సాయానికి వాడాలి: కోలుకున్న ఎస్సీ, ఎస్టీ వ్యక్తికి ఇంటి స్థలం, ఉపాధి, కుటుంబానికి ఆసరా.

మనం ఏం చేయగలం?

రోడ్డు మీద అలాంటి మనిషి కనిపిస్తే ముందు మాట్లాడండి, మంచినీళ్లు ఇవ్వండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఆ ఏరియా స్టేషన్‌లో సెక్షన్ 100 పేరు రాసి లిఖితపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కూడా రాయండి. ఒకవేళ ఆ మనిషి ఆస్పత్రికి రానంటే, పేదగా కనిపిస్తున్నారన్న కారణంతో బలవంతంగా తరలించడానికి ఎవరికీ హక్కు లేదు. నమ్మకం కుదరడానికి వారాలు పడుతుంది.

విద్యార్థి సంఘాలు ఒక్కో జిల్లాలో సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్నలు వేయవచ్చు:

- గత మూడేళ్లలో ప్రతి స్టేషన్‌లో సెక్షన్ 100 కింద ఎంతమందిని ఆస్పత్రికి చేర్చారు? ఎన్ని మిస్సింగ్ ఎఫ్ఐఆర్‌లు రాశారు?
- ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఏడాది దాటి ఉన్నవాళ్లు ఎందరు? వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు, మహిళలు ఎందరు?
- సెక్షన్ 19 కింద ఎన్ని గ్రూప్ హోమ్‌లు, హాఫ్‌వే హోమ్‌లు పెట్టారు? ఎక్కడ?
- కుటుంబం లేనివాళ్లకు సాంఘిక సంక్షేమ శాఖ ఎంతమందికి ప్రతినిధిగా ఉంది?
- పట్టణంలో షెల్టర్లు ఎన్ని? వాటికి మానసిక వైద్య బృందం ఎన్నిసార్లు వెళ్లింది?

జవాబులు వచ్చినా, రాకపోయినా అవి పోరాటానికి ఆధారాలే. వాటితో కలెక్టర్‌ను, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డును, అవసరమైతే హైకోర్టును అడగవచ్చు.

మన ఉద్యమాలు భూమి అడిగాయి, ఇళ్ల స్థలాలు అడిగాయి, శ్మశానానికి జాగా కూడా అడిగాయి. ఆధార్ లేని, ఊరు చెప్పలేని, ధర్నాకు రాలేని మనిషి తరఫున ఇల్లు, వైద్యం అడగడం కూడా ఆ జాబితాలోనిదే. తన తరఫున తాను అడగలేని స్థితిలో ఉన్న మనిషికి ఉద్యమం అవసరం ఇంకా ఎక్కువ.